ఉప్పెన తర్వాత తీసిన రెండు ఫోటోలు

ఫోటోలు నేర్చుకునే పిల్లలు బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మా ఇంటికి వస్తుంటారు. కొందరు మా చర్చి సంఘం యువకులు, కొందరు జర్నలిజం చదివేవాళ్లు. అందరూ మొదట కెమెరా సంగతే అడుగుతారు. ఏ కెమెరా వాడారండీ, లెన్సు ఏదండీ, ఆ మబ్బులో వెలుతురు ఎలా పట్టారండీ అని. తెలిసినంత చెబుతాను. చెప్పాక వాళ్లు తీసుకొచ్చిన ఫోటో చూసి నేనొకటి అడుగుతాను.

"బాబూ, ఈ మనిషి పేరేంటి?"

చాలామంది రోడ్డు మీద కనిపించాడండీ, మొహం బాగుందని తీశానండీ అంటారు. వాళ్లని తప్పుపట్టను గానీ, ఈ పనిలో నిలబడాలంటే మాత్రం అది చాలదు. నాకు తెలిసినంతలో ఈ ఉద్యోగం అంటే, చుట్టాలు కూడా రావడానికి జంకే రోజున పరాయివాడివి పోయి ఒకరి గుమ్మంలో నిలబడడం. అక్కడ ఎలా నిలబడాలో నేర్చుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది. అవార్డుల సంగతీ ప్రమోషన్ల సంగతీ వదిలేసి, అది నేర్పిన సంగతులే రాస్తాను.

లాకు వంక చూసిన రైతు

వన్ టౌన్‌లో ఒక పెళ్లిళ్ల స్టూడియోలో పని నేర్చుకుని, తర్వాత ఆ ఊళ్లోనే ఒక దినపత్రికలో చేరాను. మా న్యూస్ ఎడిటర్ రామబ్రహ్మం గారు మంచి రాతగాడు, మంచి మనసున్నవాడు, నోరు మాత్రం పెద్దది. ఆయనకి ఫోటో అంటే తన వార్తకి సరిపడే బొమ్మ. వార్త ముందు రాసేసుకుని, బొమ్మ ఎలా ఉండాలో చెప్పి పంపేవారు.

కాలవ చివరి భూములకి నీళ్లు అందని ఏడు నన్ను పిలిచి, "రైతు చేతులు పైకెత్తి ఆకాశం వంక చూస్తుండాలయ్యా. కళ్లలో నీళ్లుంటే ఇంకా మంచిది" అన్నారు.

వెళ్లాను. ఎండిన నారుమడి గట్టు మీద ఒక పెద్దాయన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. కొత్తవాణ్ణి కదా, ఎడిటర్ గారు చెప్పినట్టే చెప్పాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఆకాశం వంక ఎందుకు బాబూ? నీళ్లు రావాల్సింది కాలవ పై లాకు కాడ్నుంచి కదా. అటు చూస్తా, తియ్యి."

"కాస్త ఏడుపు మొహం పెడితే..."

"పెడతాను. పేపర్లో చూసి మా ఆడది పొట్ట చెక్కలయ్యేలా నవ్వుద్ది. నీకు ఇష్టమేనా?"

లాకు వంక చూస్తుండగానే తీశాను. ఆఫీసులో రామబ్రహ్మం గారు ఆ ఫోటోని అటూ ఇటూ తిప్పి, "ఇతనెటు చూస్తున్నాడయ్యా?" అన్నారు. "పై లాకు వైపండీ" అన్నాను. ఆయన అప్పటికే రాసుకున్న వార్త చించేసి మళ్లీ రాశారు. మర్నాడు కాలవల ఆఫీసు వాళ్లు ఫోన్ చేసి ఆయన మీద కేకలేశారు. తప్పంతా ఆకాశం మీద వేసి ఉంటే ఎవరూ ఫోన్ చేసేవారు కాదు.

అంతటితో ఆయన మారిపోయారని చెప్పను. మరుసటి నెలలో మళ్లీ ఏడ్చే రైతునే అడిగారు.

చూశావా, విన్నావా

మా నాన్న మా సంఘంలో పెద్ద. నేను నడక నేర్చింది గుడి చాపల మీద. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెబుతారు కదా, ఎవరైనా లేచి దేవుడు తనకు చేసిన మేలు చెబుతూ మాట సాగదీస్తే మా నాన్న ముందు వరసలోంచి అడిగేవాడు, "అన్నా, అది నువ్వు చూశావా, విన్నావా?" విన్నదైతే విన్నానని చెప్పి కూర్చోవాలి. చాలామందికి ఆయనంటే కోపం. నాకు మాత్రం నా వృత్తికి కావలసిన పాఠం అక్కడే దొరికింది.

ఇంకొకటి కూడా ఆదివారం బడిలోనే నేర్పారు. ఒకే సాక్షి మాట మీద మనిషికి తీర్పు చెప్పకూడదు, ఇద్దరన్నా ఉండాలి అని. చిన్నప్పుడు అది ఎక్కడో పాతకాలపు కోర్టు సంగతి అనుకున్నాను. ఫోటోకి కూడా అదే వర్తిస్తుందని ఉప్పెన వచ్చిన ఏడు తెలిసింది.

ఆనవాలు

ఆ ఉప్పెన గురించి పెద్దవాళ్లు చెప్పగా మీరు వినే ఉంటారు. సముద్రం ఊళ్ల మీదికి వచ్చి వెనక్కి పోయింది. నేను బయలుదేరుతుంటే రామబ్రహ్మం గారు జేబులో ఫిల్ము రోల్స్ కుక్కి ఒకే మాట చెప్పారు.

"పోయినవాళ్లని దగ్గర్నుంచి తియ్యకు. మనం వెయ్యలేం, జనం చూడలేరు. ఫిల్ము దండగ."

పత్రిక వరకు ఆయన చెప్పింది న్యాయమే. ఇప్పటికీ అదే అంటాను. కానీ నేను వెళ్లింది మా సంఘం లారీలో. బస్సులు లేవు. లారీ నిండా బియ్యం, దుప్పట్లు, ఎవరో దానం చేసిన మిల్లు లుంగీల బేళ్లు. ముందు సీట్లో మా పాస్టరు యేసురత్నం అయ్యగారు. ఆయన్ని మేమంతా అయ్యగారనే అంటాం. అక్కడికి చేరాక ఆయన గట్టు మీద నిలబడి, చుట్టూ పడి ఉన్న శవాల వంక చాలాసేపు చూసి, నా భుజం మీద చెయ్యి వేశారు.

"వీళ్లని ఇవాళే సాగనంపక తప్పదు, ఇమ్మానుయేలూ. రేపు వాళ్ల వాళ్లు వెతుక్కుంటూ వస్తే ఏం చూపిస్తాం? మొహాలు పోయాయి. ఆనవాళ్లు తియ్యి."

నేను తీశాను. కడియం, పచ్చబొట్టు, మొలతాడు, కట్టుకున్న బట్ట, పాదాలు. కంటికి నీళ్లు అడ్డం వస్తే తుడుచుకుని తీశాను. కొంతసేపయ్యాక నాకు ప్రార్థన కూడా రాలేదు. చేతులు మాత్రం ఆపలేదు. పత్రిక కోసం లారీ దిగగానే దూరం నుంచి విడిగా ఒకటి తీసి ఉంచాను. అందులో గట్టూ, పనిచేసేవాళ్లూ, పడిపోయిన తాటిచెట్లూ. అది మొదటి పేజీలో వచ్చింది.

తిరిగొచ్చి ఆనవాళ్ల ఫోటోలన్నీ కడిగి గుడి పక్కన ఆదివారం బడి గదిలో బల్లల మీద పరిచాం. ఎవరో చెబితే ఎవరో విని ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. ఏ కులమో ఏ మతమో ఎవరూ అడగలేదు. చెప్పులు బయట విడిచి, ఒక్కొక్క ఫోటో దగ్గర ఆగి, తమ మనిషి కాకపోతే చేతులు జోడించి పక్క ఫోటోకి వెళ్లేవాళ్లు.

"ఆ లుంగీ మాది కాదు"

ఒక రోజు పొద్దున్నే ఒక పెద్దాయనా, ఆయన కోడలూ వచ్చారు. బందరు దగ్గర నేతపని వాళ్లు. ఆమె పేరు లక్ష్మి, నా ఈడుదే. భర్త వీరభద్రం బట్టల మూట భుజాన వేసుకుని సముద్రం ఒడ్డు ఊళ్లకి పోయి అమ్ముకొచ్చే మనిషి. ఉప్పెన ముందు రోజు వెళ్లాడు. రాలేదు.

ఇంట్లో పెద్దలు కర్మ చేసేద్దామంటున్నారు. ఆమె ఒప్పుకోవడం లేదు. గదిలోకి వస్తూనే నాతో తేల్చి చెప్పింది.

"అన్నయ్య గారూ, నిజమైతే నిజమని చెప్పండి, ఓర్చుకుంటాను. అనుమానం మీద మాత్రం నా బొట్టు తియ్యను."

బల్లల వెంట నడుస్తూ మామగారు ఒక ఫోటో దగ్గర ఆగిపోయారు. కూలిన తాటిమొద్దు పక్కన ఒక మనిషి, తల కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నట్టుగా ఉన్నాడు. మొహం లేదు. ముంజేతికి రాగి కడియం.

"లక్ష్మీ, ఆ పాదాలు చూడమ్మా. వాడివే."

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నిటారుగా నిలబడింది.

"కాదు మావయ్యా. ఆ లుంగీ మనది కాదు. పెద్ద గళ్లు, మిల్లు గుడ్డ. ఆయన మిల్లు గుడ్డతో సైకిల్ కూడా తుడవడు."

"కడియం..."

"కడియం ఊళ్లో సగం మందికుంది. మీ చేతికీ ఉంది."

ముసలాయన తన చేతి కడియం వంక చూసుకున్నారు. ఆమె మొహంలో వెలుగొచ్చింది. బయటికి వెళ్తూ, "ఏ ఆసుపత్రిలోనో ఉండుంటారు. తేరుకుని వస్తారు" అంది. నాకూ సంతోషమేసింది. ఆ సాయంత్రం ప్రార్థనలో వీరభద్రం పేరు చెప్పి స్తోత్రం చెల్లించాను కూడా.

అయ్యగారి సాక్ష్యం

కొన్ని వారాల తర్వాత ఆదివారం ఆరాధనలో అయ్యగారు సహాయం సంగతి సంఘానికి వివరించారు. బియ్యం ఎక్కడ పంచారో, దుప్పట్లు ఎవరికి ఇచ్చారో చెప్పి, చివర గొంతు తగ్గించి అన్నారు.

"ఒంటి మీద నూలుపోగు లేనివాళ్లున్నారు. చిరిగి పీలికలైనవాళ్లున్నారు. అలా మట్టిలో పెట్టడానికి మనసొప్పలేదు. మనం తీసుకెళ్లిన కొత్త లుంగీలు కట్టి పంపాం."

సంఘమంతా ఆమేన్ అంది. నాకు లక్ష్మి కాదన్న ఆ గళ్ల లుంగీ గుర్తొచ్చింది. ఆరాధన అయ్యాక ఆయన వెనకే పరిగెత్తాను.

"అయ్యగారూ, ఆ లుంగీలు కట్టింది నేను ఫోటోలు తీయక ముందా, తర్వాతా?"

"నువ్వు ఆ చివర తీస్తుంటే మేం ఈ చివర్నుంచి కట్టుకుంటూ వచ్చాం. ఏం నాన్నా?"

చెప్పాను. ఆ లుంగీ చూసే లక్ష్మి తన మనిషి కాదనుకుందని వినగానే ఆయన గుడి మెట్ల మీద కూర్చుండిపోయారు.

పిల్లలకి నేను పదేపదే చెప్పేది ఇందుకే. మీరు చేరేసరికే ఆ చోట ఎవరిదో ఒక చెయ్యి పడి ఉంటుంది. దురుద్దేశంతోనే అక్కర్లేదు, ప్రేమతో పడ్డ చెయ్యి కూడా చూసేవాణ్ణి దారి తప్పిస్తుంది. నేను వచ్చేముందు ఇక్కడ ఏం కదిపారు, ఏం కప్పారు, ఏం తీశారు అని అడిగాకే కెమెరా కంటి దగ్గర పెట్టుకోండి. దొరికిన జవాబు ఫోటో వెనక రాయండి. ఆ ఉప్పెన తర్వాత నేను అది అడక్కుండా ఎక్కడా తీయలేదు.

మర్నాడు డార్క్‌రూమ్‌లో కూర్చుని నెగటివ్‌లన్నీ మళ్లీ చూశాను. పత్రిక కోసం దూరం నుంచి తీసిన ఆ గట్టు ఫోటో ఒకటుంది కదా. అది దిగగానే తీసింది, అప్పటికి లారీలోంచి బేళ్లు దించలేదు. దాని మూల తాటిమొద్దు కనిపించింది. ఆ మూల ఒక్కటే పెద్దది చేశాను. ఫిల్ము రేణువులు ఆవగింజలంత అయ్యాయి. అయినా తెలుస్తోంది. అదే మొద్దు, తల కింద అదే చెయ్యి. నడుముకి చిరిగిన పీలిక. చిన్న గళ్లు. ఒకచోట నిలువు చార పక్కనే ఆనుకుని ఇంకో చార.

అది ఎవరి బట్టో నేను చెప్పలేను. చెప్పగలిగిన మనిషి ఒక్కతే.

రామబ్రహ్మం గారికి చూపించి సెలవు అడిగాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"వదిలెయ్యవయ్యా. ఆశ మీద బతుకుతోంది. నువ్వెళ్లి బొట్టు చెరిపి వస్తావా? నీ దేవుడు చెప్పాడా?"

"నా ఫోటో చూసే ఆమె కాదంది సార్. నా ఫోటో చెప్పింది తప్పని తెలిశాక నేనెలా ఊరుకుంటాను?"

"ఇదీ తప్పయితే?"

"అది ఆమె చెబుతుంది. నేను చెప్పను."

ఆయన సెలవు కాగితం మీద సంతకం పెట్టి నా వైపు చూడకుండా అందించారు.

అయ్యగారు తానూ వస్తానన్నారు. వద్దన్నాను. ఇద్దరు మగవాళ్లం, అందులో ఒకరు తెల్లబట్టల పాస్టరు, గుమ్మంలో నిలబడితే ఫోటో చూడకముందే ఆమెకి జవాబు తెలిసిపోతుంది. చూసి చెప్పే హక్కు ఆమెకి ఉండాలి.

ఆ వీధిలో

బందరు బస్సు దిగి వాళ్ల ఊరు చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. వీధి పొడవునా పడుగు సాగదీసి గంజి పెడుతున్నారు. దారాల కింద నుంచి వంగి వెళ్లాను. మామగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. లక్ష్మి ఏదని అడిగితే చెయ్యి ఊపారు.

"బస్టాండుకి. రోజూ అదే పని బాబూ. బందర్లో అడుగుద్ది, గుడివాడ పోద్ది, మొన్న హనుమాన్ జంక్షన్ దాకా పోయి లారీ డ్రైవర్లని అడిగొచ్చింది. మగ్గం మీద సగం నేసిన పంచె అలాగే ఉంది. మేం చెబితే వినదు."

అది విన్నాక నా మనసులో మిగిలిన కాస్త జంకూ పోయింది. రామబ్రహ్మం గారు చెప్పిన ఆశ ఆమెను బతికించడం లేదు, రోడ్ల మీద తిప్పుతోంది.

మధ్యాహ్నానికి వచ్చింది. నన్ను చూడగానే, "దొరికారా?" అంది.

"తెలీదమ్మా. ఇంకో ఫోటో ఉంది. అంతకంటే ముందు నీకొక సంగతి చెప్పాలి." ఆ రోజు బల్ల మీద చూసిన మిల్లు లుంగీ ఆ మనిషి ఇంటి నుంచి కట్టుకెళ్లింది కాదనీ, మా సంఘం వాళ్లు తర్వాత కట్టారనీ, అది నాకూ ఆలస్యంగా తెలిసిందనీ చెప్పాను. చెప్పింది మొత్తం విన్నాకే చెయ్యి చాచింది.

వెలుతురు కోసం గుమ్మం దాకా తీసుకెళ్లి చూసింది. వేలు ఆ జంట చార మీద ఆగింది.

"మగ్గం మీద పేక దారం కొడుతూ మాటల్లో పడ్డాను" అంది, ఫోటోతో చెబుతున్నట్టు. "చార పక్కనే చార పడిపోయింది. విప్పుదామంటే ఆయనే వద్దన్నాడు. అమ్మకానికి పనికిరాదులే, నేను కట్టుకుంటానన్నాడు. మా ఇళ్లలో మగాళ్లు కట్టేవన్నీ తప్పు పోయినవే కదండీ."

మామగారు అరుగు దిగి గుమ్మం దగ్గరికి వచ్చారు.

ఆమె ఏడ్చింది. నేను అక్కడే నిలబడ్డాను. ఓదార్పు మాటలు నాకు చాలా వచ్చు, చిన్నప్పటి నుంచి విన్నవే. ఒక్కటి కూడా పలకలేదు. చాలాసేపటికి మొహం తుడుచుకుని నన్ను అడిగింది.

"ఆ కొత్త లుంగీ ఎవరు కట్టారు?"

"మా అయ్యగారు. పాస్టరు గారు."

"తన చేతులతోనా?"

"తన చేతులతోనే."

"సరిగ్గా కట్టారా? కప్పి వదిలేశారా?"

దీనికి మాత్రం నేను చూసింది చెప్పగలను. ఆ మొదటి ఫోటో కూడా సంచిలోనే ఉంది, తీసి చూపించాను. ఆమె మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లింది. నడుము దగ్గర ముడి ఉంది. అంచులు సరిచేసి ఉన్నాయి.

"కట్టారు" అంది. "అన్నయ్య గారూ, ఇది నాకివ్వండి. మా అత్త రోజూ అదే అంటోంది. ఊరందరికీ బట్టలు మోసినోడు, ఒంటి మీద ఏమన్నా ఉందో లేదో అని. ఆమెకి చూపించాలి."

తను కాదని తోసేసిన ఫోటోనే తీసుకుంది.

కర్మ రోజున

కర్మకి కబురు వచ్చింది. నాకు కాదు, అయ్యగారికి. ఆయన్ని తీసుకుని రమ్మని నాకు చెప్పారు. మా సంఘంలో కొందరు సణిగారు. వాళ్ల క్రియలకి మన సంఘ కాపరి పోవడమేంటన్నారు. నా విశ్వాసం ఎవరికీ తీసిపోదు, ఆ సణుగుడు మాత్రం నేను ఒప్పుకోలేదు. అయ్యగారు ఎవరితోనూ వాదించలేదు. తెల్లచొక్కా వేసుకుని పొద్దున్నే బస్టాండుకి వచ్చేశారు.

మేం వెళ్లేసరికి కార్యక్రమం అయిపోయింది. లక్ష్మి నుదుటి మీద బొట్టు లేదు. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదట, తనే తీసుకుందని మామగారు మెల్లిగా చెప్పారు. బంధువులకి బట్టలు పెడుతున్నారు. వరసైనవాళ్లందరూ అయ్యాక ఆమె లోపలికి వెళ్లి పళ్లెంలో ఒక పంచె తెచ్చింది. మగ్గం మీద సగంలో ఆగిపోయిన పంచె అదే. పది రోజులుగా పగలంతా కూర్చుని నేసిందట.

"మా ఆయనకి ఆఖరి బట్ట కట్టింది మీరంట" అంది అయ్యగారితో. "ఆ చేతులకి బట్ట పెట్టకపోతే నాకు తప్పు. మీ దాంట్లో పనికిరాదంటే చెప్పండి, ఏమీ అనుకోను."

బంధువులంతా చూస్తున్నారు. అయ్యగారు రెండు చేతులా పళ్లెం అందుకుని, పంచె తీసుకుని ఖాళీ పళ్లెం మామగారికి ఇచ్చి, మడత విప్పి, వేసుకున్న బట్టల మీదే నడుముకి చుట్టుకుని ముడి వేశారు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, అమ్మకానికి పెట్టే బట్టని చూసినట్టు అంచు కింద దాకా చూసింది.

"పొడవు సరిపోయిందాండీ?"

"సరిపోయిందమ్మా" అన్నారు అయ్యగారు.